మా ఆయన వీసా, మా అన్నయ్య సాక్ష్యం

మా ఆయనది శ్రీలంక. నాది దివిసీమ, హంసలదీవికి వెళ్ళే దారిలో ఒక ఊరు. మేం కలుసుకున్నది మాత్రం కువైట్‌లో. నేను ఒక ఇంట్లో వంటమనిషిని, ఆయన పక్కింట్లో డ్రైవరు. ఆయన తమిళం నాకు రాదు, నా తెలుగు ఆయనకి రాదు. ఇద్దరం యజమానుల దగ్గర నేర్చుకున్న వంటింటి అరబ్బీలోనే పరిచయమయ్యాం, పెళ్ళి మాటలు కూడా అందులోనే మాట్లాడుకున్నాం. అందులో ప్రేమకి మాటలు తక్కువ. ‘తిన్నావా’, ‘అలసిపోయావా’, ‘రేపు వస్తావా’ లాంటివి ఉన్నాయి. మాకవి సరిపోయాయి.

కాంట్రాక్టు అయిపోయాక నేను ముందు ఊరొచ్చాను. తర్వాత ఆయన టూరిస్టు వీసా మీద నెల రోజులకి వచ్చాడు. బందరులో చర్చిలో పెళ్ళి చేసుకున్నాం. అమ్మా నాన్నా పోయి చాలా కాలమైంది కాబట్టి నాకు పెద్దదిక్కు అన్నయ్యే. చర్చి రిజిస్టరులో సాక్షిగా సంతకం పెట్టింది కూడా అన్నయ్యే. తర్వాత అందరం హోటల్లో బిర్యానీ తిన్నాం. అన్నయ్య తన ప్లేటులోని లెగ్ పీసు తీసి మా ఆయన ప్లేటులో వేసి, “తినండి బావగారూ, మొహమాటపడకండి” అన్నాడు. మా ఆయనకి మాట అర్థం కాలేదు గానీ కళ్ళు చెమ్మగిల్లాయి.

ఆ నెలంతా మా ఊళ్ళోనే ఉన్నాం. స్థలం అన్నయ్యది, దాని మీద లేచిన మేడ నా కువైట్ జీతం. మేడ మీద గది నాదని అందరూ అనేవాళ్ళు. పొద్దున్నే ఆయన అన్నయ్య వెంట రొయ్యల చెరువుల దగ్గరికి వెళ్ళి, మేత చల్లి, మోకాళ్ళ దాకా బురదతో తిరిగొచ్చేవాడు. వదిన ఆయన చేత ‘అన్నం పెట్టండి’ అనిపించి నవ్వేది. ఆ నెల రోజులు నాకు లోటేమీ కనిపించలేదు.

గడువు అయిపోయి ఆయన వెళ్ళిపోయాడు. ఇక్కడే ఉండిపోవాలంటే భారతీయురాలి భర్తగా వేరే వీసా కావాలి. దరఖాస్తు ఆయన అక్కడ పెట్టాలి, కాగితాలు నేను ఇక్కణ్ణుంచి పంపాలి. పాస్‌పోర్టులో భర్త పేరు ఎక్కించుకోవడానికి, పెళ్ళి సర్టిఫికెట్ మీద స్టాంపులు వేయించుకోవడానికి అవనిగడ్డకీ బందరుకీ ఎన్నిసార్లు తిరిగానో. ఆయన పోషణ నాదేనని కూడా రాసిచ్చాను. పెళ్ళి ఫోటోలు అడిగితే మంచివి ఏరి పంపాను. ప్రతి ఫోటోలోనూ మా పక్కన అన్నయ్య ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని.

ఎంక్వైరీకి పోలీసులు ఇంటికొస్తారని చెప్పారు. ఎప్పుడొస్తారో చెప్పరు. నేను ఊరు దాటకుండా ఎదురుచూశాను. చివరికి వాళ్ళు వచ్చిన రోజున నేను ఇంట్లో లేను. వదినకి కళ్ళజోడు తేవడానికి బందరు వెళ్ళాను. సాయంత్రం తిరిగొస్తే ఎవరూ ఏమీ అనలేదు. వదిన కొత్త కళ్ళజోడు పెట్టుకుని టీవీ చూసింది.

కొన్ని నెలల తర్వాత మా ఆయన ఫోన్ చేశాడు. గొంతు వినగానే తెలిసింది.

“ఇవ్వలేదు. పెళ్ళి నిజమని తేలలేదట,” అన్నాడు. “నువ్వు ఏమైనా చెప్పావా?” అని అడిగాడు.

ఆ ప్రశ్న అడిగినందుకు ఆయన మీద ఇప్పటికీ నాకు కోపముంది. కానీ అంత దూరాన కూర్చున్న మనిషికి ఇంకెవరి మీద అనుమానం వస్తుంది?

మర్నాడు బందరు వెళ్ళి, విదేశీయుల వ్యవహారాలు చూసే పోలీసాఫీసులో అడిగాను. అక్కడ బల్ల ముందు కూర్చున్నాయన నా పేరు వినగానే తలెత్తి చూశాడు.

“మీ ఇంటికొచ్చింది నేనేనమ్మా. మేడ ఇల్లు, ముందు కొబ్బరిచెట్లు. మీ అన్నగారు కుర్చీ వేసి బొండం కొట్టించి ఇచ్చారు.”

“ఏం చెప్పారండీ మా అన్నయ్య?”

ఆయన ముందున్న ఫైలు మూసి పక్కన పెట్టాడు. “ఆ మనిషెవరో మాకు తెలీదన్నారు. కువైట్‌లో ఏదో పరిచయమంట, నాలుగు రోజులుండి పోయాడంట. పెళ్ళీ గిళ్ళీ ఏం లేదు, మా చెల్లెలు అమాయకురాలు, మీరే కాపాడాలి సార్ అన్నారు. సొంత అన్న అట్లా చెప్తే నేనేం రాసుకోవాలి చెప్పండి?”

ఫోన్లో పెళ్ళి ఫోటో తీసి చూపించాను. సాక్షిగా సంతకం పెట్టింది ఈయనేనండీ అన్నాను. ఆయన ఫోటో వైపూ నా వైపూ చూసి ఫోన్ తిరిగిచ్చేశాడు.

“మళ్ళీ అప్లై చేయించండమ్మా. ఈసారి మీరు ఇంట్లో ఉండండి.”

చల్లపల్లి మీదుగా బస్సులో తిరిగొస్తున్నంతసేపూ నా బుర్రలో ఆ కొబ్బరి బొండమే మెదిలింది. అబద్ధం చెప్పినవాడు కంగారుపడి, నోరు జారి చెప్పాడనుకోవడానికి లేదు. చెట్టెక్కే మనిషిని పిలిపించాడు. కాయ దింపించాడు. వచ్చినాయన తాగేదాకా ఎదురుగా కూర్చున్నాడు.

నేను వెళ్ళేసరికి అన్నయ్య పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు.

“ఎంక్వైరీకి వచ్చినాయనకి ఏం చెప్పావన్నయ్యా?”

కడుక్కోవడం ఆపలేదు. “ఏదో అడిగారు, చెప్పాను.”

“నాకు పెళ్ళి కాలేదని చెప్పావంట.”

వదిన వంటింట్లోంచి వచ్చింది. “నీ మంచికే చెప్పార్లే అమ్మాయ్. వీసా వచ్చి ఇక్కడికొచ్చినా అతనికి పని చేసే వీల్లేదంట కదా. కూర్చోబెట్టి ఎన్నాళ్ళు మేపుతావు?”

“నేను మేపుకుంటాను. నిన్నడిగానా వదినా?”

అప్పుడు అన్నయ్య పంపు కట్టేశాడు. తువ్వాలుతో పాదాలు తుడుచుకుంటూ, గొంతు పెంచకుండా, చెరువు లీజు గురించి మాట్లాడినట్టు మాట్లాడాడు.

“నువ్వొక్కదానివే ఉంటే ఇది అన్న ఇల్లు. మొగుడొచ్చాడనుకో, లెక్కలొస్తాయి. ఇవాళ మేడ మీద గది అంటాడు, రేపు ఇల్లెవరు కట్టారంటాడు. నాకిద్దరు ఆడపిల్లలున్నారు. నా సంగతి నేను చూసుకోవద్దా?”

“ఆయన ఎప్పుడైనా అడిగాడా?”

“అడిగేదాకా ఉంటే ఆపగలనా?”

అంత స్పష్టంగా మాట్లాడతాడని నేను అనుకోలేదు. సిలోనోడని ఈసడిస్తాడనో, ఊళ్ళో పరువు పోయిందంటాడనో అనుకుని, వాటికి జవాబులు బస్సులోనే సిద్ధం చేసుకున్నాను. అవేవీ పనికిరాలేదు. మేడెక్కి, కువైట్ నుంచి తెచ్చుకున్న పెట్టెలో బట్టలు సర్దుకున్నాను. దిగుతుంటే వదిన, “అన్నం తిని వెళ్ళు,” అంది. అన్నయ్య పెట్టె పట్టుకోవడానికి చెయ్యి చాపాడు కూడా. నేనివ్వలేదు.

పామర్రులో బస్సు మారి గుడివాడ చేరాను. కువైట్‌లో నాతో పనిచేసినావిడ ఒక లేడీస్ హాస్టల్లో వంట పని ఇప్పించింది. స్టేషను వెనక వీధిలో ఒక పెద్దావిడ ఇంటి వెనకగది అద్దెకి తీసుకున్నాను. వీధంతా ఆమెని మామ్మగారనే పిలిచేది. ఇంట్లో ఒక్కతే ఉంటుంది కాబట్టి, అద్దెకున్నవాళ్ళ గదిలో ఏ మాట వినపడినా వింటుంది, విన్నది విన్నట్టు చెప్తుంది కూడా.

కొత్త అడ్రసుతో మళ్ళీ దరఖాస్తు పెట్టించాను. మా ఆయనకి అన్నయ్య సంగతి చెప్పినప్పుడు మొదట నమ్మలేదు. ఆ రోజుల్లో మేం ఎక్కువగా పోట్లాడుకునేవాళ్ళం. నువ్వు ఆలస్యం చేశావంటే నువ్వు చేశావని.

ఈసారి ఎంక్వైరీకి వేరే ఆయన వచ్చాడు. నేను గదిలోనే ఉన్నాను. నన్ను అడగాల్సినవన్నీ అడిగి, ఇరుగుపొరుగు ఒకళ్ళు చెప్పాలమ్మా అన్నాడు. మామ్మగారు పిలవకుండానే వరండాలోకి వచ్చి కూర్చుంది.

“ఈమెకి పెళ్ళయిందని మీకు తెలుసాండీ?” అని అడిగాడాయన.

“పెళ్ళికి నేను వెళ్ళలేదు నాయనా. అబద్ధం చెప్పను.”

ఆయన పెన్ను కాగితం మీంచి ఎత్తాడు.

“కానీ రోజూ రాత్రి ఫోన్లో పోట్లాడుకుంటారు. ఏం భాషో నాకు తెలీదు, తురకమో అరవమో. ఈ పిల్ల ఏడుస్తుంది, అరుస్తుంది, ఫోన్ పెట్టేస్తుంది. మళ్ళీ ఈమే చేస్తుంది. చేసి, అన్నం తిన్నావా అన్నట్టు మెల్లగా అడుగుతుంది. మొగుడు కాకపోతే ఇంత బాధ పడాల్సిన కర్మ ఏంటి నాయనా?”

ఆయన నవ్వాపుకుంటూ రాసుకున్నాడు. రిజిస్టరులో అన్నయ్య పెట్టిన సంతకం చెయ్యలేని పనిని మామ్మగారి వినికిడి చేసింది.

పెళ్ళయిన నాలుగేళ్ళకి వీసా వచ్చింది. మా ఆయన మద్రాసులో దిగి రైల్లో విజయవాడ వచ్చి, అక్కణ్ణుంచి గుడివాడ వచ్చాడు. స్టేషన్లో చూడగానే నేను గుర్తుపట్టలేదంటే ఎవరూ నమ్మరు. ఫోన్లో రోజూ చూసిన మొహమే. కానీ జుట్టంతా నెరిసి, మనిషి చిన్నగా అయిపోయాడు. ఆయనకీ నేనలాగే కనిపించి ఉంటాను.

వదిన చెప్పింది ఒకటి నిజమే. ఆ వీసా మీద ఆయన ఉద్యోగం చేయకూడదు. పెద్ద పెద్ద కార్లు నడిపిన మనిషి గదిలో కూర్చుని కూరగాయలు తరుగుతాడు, బట్టలు ఉతుకుతాడు, మామ్మగారికి మందులు తెచ్చిపెడతాడు. మీ ఆయనేం చేస్తారని హాస్టల్లో అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. గడువు పొడిగించుకోవాల్సి వచ్చినప్పుడల్లా మళ్ళీ కాగితాలు, మళ్ళీ ఎంక్వైరీ. ఇన్నేళ్ళు కొట్లాడి నేను తెచ్చుకున్న కాపురం ఇది.

ఒక ఆదివారం అన్నయ్య వచ్చాడు. చేతిలో రొయ్యల సంచి, మొహం నిండా నవ్వు. గుమ్మంలోంచే, “ఏం బావగారూ, మమ్మల్ని మర్చిపోయారా?” అన్నాడు. మా ఆయన లేచి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ మంచం మీద కూర్చుని, సగం తెలుగు సగం సైగలతో చెరువుల గురించి మాట్లాడుకున్నారు. నేను వంట చేశాను. వడ్డించాను. అన్నయ్య రెండోసారి కూర అడిగితే వేశాను. నాతో ఆ సంగతి ఒక్క మాటైనా ఎత్తలేదు.

అన్నయ్య వెళ్ళాక మా ఇద్దరికీ గొడవైంది.

“వాడు చేసింది మర్చిపోయావా?”

“లేదు.”

“మరి?”

“నువ్వు పొద్దున పోతావు, రాత్రికి వస్తావు. ఈ దేశంలో నాతో మాట్లాడే మనిషి ఇంకెవరున్నారు? కోపం నువ్వు పెట్టుకో. నాకు ఒక మనిషి కావాలి.”

ఇప్పుడు నెలకో రెండు నెలలకో ఒకసారి మా ఆయనే బస్సెక్కి దివిసీమ వెళ్తాడు. ఎంక్వైరీలో ఎవరో తెలియదన్న మనిషిని అన్నయ్య ఊరంతా తిప్పి మా బావగారని చెప్తున్నాడట. రాత్రికి ఆయన్ని మేడ మీద గదిలోనే పడుకోబెడతారు. మర్నాడు రొయ్యలతో తిరిగొస్తాడు, మొహం కాస్త తేటగా ఉంటుంది. నేను ఆ రొయ్యలు ఒలిచి పులుసు పెడతాను. ఆయన గిన్నె ఊడ్చి తింటాడు, మామ్మగారికి కూడా ఇచ్చొస్తాడు. నేను మాత్రం మజ్జిగ పోసుకుని తిని లేస్తాను.