పగులు కాదు, కుట్టు

వీధిలో అందరికీ ఆమె రఫూ అక్క. చిమ్మటలు కొట్టిన శాలువా, నిప్పురవ్వ పడి చిల్లుపడ్డ కోటు, ఏది ఇచ్చినా ఆ గుడ్డ లోపలి మడతలోంచే దారం లాగి, చిరుగును మళ్ళీ నేసినట్టు కలిపేసేది. "బాగా చేసిన రఫూ కనబడకూడదు. కనబడిందంటే అది నేను చేసింది కాదు" అనేది. ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే లాండ్రీ దుకాణం వెనక గదిలో, ఇస్త్రీ బల్లల ఆవిరి మధ్య, ఒకే కిటికీ పక్కన కూర్చుంది.

కిటికీ పక్క గోడకు ఒక పాత క్యాలెండరు ఉండేది. దాని ఏడాది ఎప్పుడో దాటిపోయింది. బొమ్మ కోసం ఉంచుకుంది. నాలుగు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఉన్న పెద్ద క్రైస్తవ క్షేత్రంలోని వ్యాకులమాత చిత్రం అది. నీలి పైవస్త్రం, సిలువమీద కొడుకును పోగొట్టుకున్న తల్లి ముఖం. మోకాళ్ళ దగ్గర బొమ్మ తెగిపోయి, అక్కణ్ణుంచి తేదీలు. "అచ్చువేసినవాడికి అమ్మ పాదాలకంటే పన్నెండు నెలలే ముఖ్యమయ్యాయి" అని విసుక్కునేది. భర్త పోయిన ఏడాదంతా ఆ సగం బొమ్మ ముందే జపమాల తిప్పింది. ఎప్పటికైనా వెళ్ళి మిగతా సగం చూడాలనుకుంది. పని తెమిలితేగా!

ఒకరోజు పని దానంతటదే తెమిలింది. దుకాణం పెత్తనం కొత్తగా చేతికొచ్చిన యజమాని అల్లుడు నసుగుతూ చెప్పాడు.

"ఈ రోజుల్లో రఫూ ఎవరు చేయించుకుంటున్నారక్కా? చిరిగితే పారేస్తున్నారు. ఆ కిటికీ దగ్గర మెషీను పెడదామని..."

"పెట్టుకో నాయనా. కుర్చీ మాత్రం నాది" అంది. క్యాలెండరు చుట్టి సంచిలో పెట్టుకుంది. కుర్చీ చంకనెత్తుకుని, సందులోంచి కాదు, నడివీధిలోంచే ఇంటికి నడిచింది.

తమ్ముడి భార్య గుమ్మంలోనే గుండెలు బాదుకుంది. "ఇప్పుడేం చేస్తావు వదినా?"

"రేపు క్షేత్రానికి పోతున్నాం. నువ్వూ రా."

"ఉద్యోగం పోయిన మర్నాడు ఎవరైనా యాత్రకెళ్తారా?"

"ఉన్నప్పుడు తీరికేదే పిచ్చిమొహమా!"

క్షేత్రం ముందు రెండు వాకిళ్ళున్నాయి. ఒకటి ప్రార్థనకు వచ్చినవాళ్ళకు. దాంట్లోంచి వెళ్తే పక్కనున్న చిన్న గది, అందులో చిత్రానికి నకలు. రెండోది చూడడానికి వచ్చినవాళ్ళకు. అసలు చిత్రం అక్కడుంది, కానీ దాని ముందు రెండు నిమిషాలే. మోకరించకూడదు.

"ప్రార్థనకా, చూడ్డానికా?" అడిగాడు కాపలాదారు.

"చూడకుండా ఎలా మొక్కను? మొక్కకుండా ఎలా చూడను?" అని రెండో వాకిట్లోకి నడిచింది. మరదలు వెనకే పరుగెత్తింది.

లోపలికి అడుగుపెట్టగానే ఇద్దరూ పైకి చూశారు. తల వెనక్కి వంచితే గాని కంటికందనంత ఎత్తున బంగారు రెక్కల దేవదూతలు. రంగుటద్దాల కిటికీల్లోంచి ఎరుపూ పసుపూ నేలమీద పరుచుకున్నాయి. గోడల పొడుగునా ప్రభువు సిలువ మోసిన దారి, పద్నాలుగు చెక్క బొమ్మల్లో. మరదలు ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి నుదుటా ఎదమీదా సిలువ గుర్తు వేసుకుంటుంటే, రఫూ అక్క మాత్రం తిన్నగా వెళ్ళి వ్యాకులమాత ముందు ఆగింది.

పాదాలున్నాయి. చెప్పులు లేవు. మట్టి అంటి ఉన్నాయి. వాటిపైన నీలి అంచు.

ఆమె మోకరించింది. రెండు నిమిషాలయ్యాయని అక్కడి కాపలాదారు గంట కొట్టాడు. ఆమె లేవలేదు.

మెడకు టై కట్టుకున్న గైడు తన గుంపుకు చెబుతున్నాడు. "అంచు దగ్గర సన్నటి గీత చూశారా? పాతకాలంలో వేడికి రంగు పగిలింది."

"పగులు కాదు బాబూ, కుట్టు" అంది కిందనుంచి.

గైడు నవ్వాడు. "అమ్మగారూ, దీనిమీద పెద్ద పెద్ద పుస్తకాలే రాశారు."

"రాసినవాళ్ళెవరైనా ఒక్క చిరుగు కుట్టారా? చూడు, అటూ ఇటూ సమానంగా ఎక్కి దిగుతోంది. పగులుకు కొలతుంటుందా? పైగా ఆ దారం చుట్టూ ఉన్న నీలంకంటే ముదురు. ఎండ తగలని లోపలి మడతలోంచి తీశారు కాబట్టి. ఈ బొమ్మ వేసినాయన రఫూ చేసేవాళ్ళ పక్కన కూర్చుని చూశాడు."

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. గంట మళ్ళీ మోగింది. వరస వాకిలి దాకా ఆగిపోయింది. ఫాదర్ గబగబా వచ్చాడు.

"అమ్మా, ప్రార్థన ఆ చిన్న గదిలో చేసుకోండి. ఇక్కడ అందరూ ఆగిపోయారు."

"ఫాదర్, ఈ తల్లి చిరిగిన బట్ట పారెయ్యలేదు, బాగుచేసుకుని కట్టుకుంది. ఆ సంగతి ఒక్కరూ చూడలేదు. నాకు రెండు నిమిషాలు చాలవు. లేవను."

మరదలు భుజం పట్టి లాగింది. "పరువు పోతోంది వదినా." ఆమె కదలకపోయేసరికి చుట్టూ ఓసారి చూసి, నిట్టూర్చి, తనూ పక్కన మోకరించింది. "లేపేటట్టయితే ఇద్దర్నీ లేపండి" అంది కాపలాదారుతో.

పక్క పీఠం దగ్గర నిచ్చెనమీద ఒక దేవదూత ముఖం దూదితో తుడుస్తున్న మరమ్మతులావిడ ఇదంతా వింటూనే ఉంది. దిగి, చేతిదీపం తెచ్చి, నేలమీద బోర్లా పడుకుని చాలాసేపు చూసింది.

"పదకొండు కుట్లు. పగులైతే పైన పూసిన వార్నిషు కూడా చీలాలి. చీలలేదు. ఇది కుంచెతో గీసిందే."

"ఇంకా పరిశోధించాలి" అన్నాడు గైడు టై సర్దుకుంటూ.

ఫాదర్ కాపలాదారు చేతిలోని గంట తీసుకుని తన జేబులో వేసుకున్నాడు.

అరగంట ఉందామె అక్కడ. తను చేసిన పని కనబడలేదంటే చాలని జీవితమంతా మురిసిపోయిన మనిషి. ఇక్కడెవరో ఒక రఫూని వచ్చేపోయే జనం కళ్ళముందు గీసిపెట్టాడు. ఆమెకు ఏడుపు రాలేదు, రోషమొచ్చింది, ఇన్నేళ్ళూ వెనక గదిలో ఎందుకు దాక్కున్నానా అని.

వెళ్ళబోతుంటే మరమ్మతులావిడ పిలిచి ఒక బీరువా తెరిచింది. లోపల పాత పూజావస్త్రాలు, జరీ ఊడి, మడతల దగ్గర పిగిలి ఉన్నాయి. వీటిని బాగుచేసేవాళ్ళు దొరకడంలేదంది.

"చేస్తాను. వెనక గదిలో మాత్రం కూర్చోను" అంది రఫూ అక్క. "ఆ అమ్మ ఎదురుగా, కిటికీ వెలుగులో."

"వచ్చినవాళ్ళంతా మిమ్మల్ని చూస్తారమ్మా" అన్నాడు ఫాదర్.

"చూడనివ్వండి."

ఇప్పుడు మంగళవారాలు అక్కడే ఆమె పని. గైడు తన గుంపులతో వస్తూనే ఉన్నాడు. "ఇది పగులు" అని అతను అన్నప్పుడల్లా, సూదిమీంచి కళ్ళెత్తకుండా, హాలంతా వినబడేట్టు "కుట్టు" అంటుంది.