అద్దాల గదిలోంచి చేసిన ఫోను

సూరత్‌లో కతర్‌గామ్ అవతల ఒక నేత మిల్లులో నేను లేబర్ ఆఫీసర్‌గా పనిచేశాను. ఈ సంగతి నా రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు, హోలీ వెళ్లిన వారంలో మొదలైంది. హోదా పేరు ఘనంగా ఉంటుంది గాని, చేసే పని హాజరు, సెలవులు, తగాదాలు. కింద షెడ్డులో నూట ఇరవై సాంచాలు, అంటే మరమగ్గాలు. వాటిమీద పనిచేసేవాళ్లలో సగానికి పైగా కరీంనగర్, సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన మనవాళ్లే. పైన నాలుగు వైపులా అద్దాలున్న నా గది. అక్కడ కూర్చుంటే షెడ్డంతా నాకు కనిపిస్తుంది. షెడ్డంతటికీ నేనూ కనిపిస్తానన్న ముక్క మాత్రం అన్నేళ్లూ నా బుర్రకు తట్టలేదు.

గోడలకు చెవులుంటాయంటారు. మా షెడ్డులో మనుషుల చెవులే పనిచెయ్యవు. సాంచాలు ఆడుతుంటే పక్కవాడు నెత్తిమీద నిలబడి అరిచినా వినపడదు.

జబ్బు సెలవుకు మా పద్ధతి సులువే. కార్మికుడు అర్జీతోపాటు డాక్టరు సర్టిఫికెట్ ఇస్తాడు. దాన్ని కవరులో పెట్టి అతని ఫైల్లో ఉంచుతాం. హాజరు రిజిస్టర్లో తేదీలు తప్ప మరేమీ ఎక్కించం. తిరిగి వచ్చినప్పుడు, పనికి తగిన ఆరోగ్యం ఉందని డాక్టరిచ్చిన ఫిట్‌నెస్ కాగితం చూసి సాంచా అప్పగిస్తాం. నెల దాకా సెలవు నేనే మంజూరు చేయవచ్చు. అది దాటితే సేఠ్‌ను, అంటే యజమానిని, అడగాలి.

రాజేశం రెండు నెలలకు అర్జీ పెట్టాడు. పద్దెనిమిదేళ్ల సర్వీసు, ఒక్క తగాదా లేని మనిషి. చికిత్స, విశ్రాంతి అవసరమని మాత్రమే డాక్టరు రాశాడు. నిజానికి అది చాలు. అయినా ఏం జబ్బని అడిగాను. పెద్దరికం చేసి చేసి అదొక అలవాటైపోయింది. అతను తలుపు వైపు ఒకసారి చూసి టీబీ అని చెప్పాడు.

"సారు, జర పేరు యాడ రాయకుండ్రి. ఎన్ని దినాలో గదే రాయుండ్రి. ఒక్క అర్రల ఎనిమిది మందిమి ఉంటం. తెలిసిందంటే నా సాప బయటేస్తరు. సాంచా కాడ గూడ నిలవడనియ్యరు" అన్నాడు.

ఆ భయానికి కారణం ఉంది. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే కొయ్య నాడెలో దారపు కండె అయిపోతే కొత్త కండె పెట్టి, దారం కొసను నాడె చివరి కంతలోంచి నోటితో పీల్చి లాగుతారు. రోజుకు ఎన్నిసార్లో లెక్కలేదు. పక్కవాడు టీకి వెళితే అతని నాడెనూ అలాగే పీలుస్తారు. ఒకరి ఎంగిలి ఒకరికి తగలని పూట ఉండదు. ఇన్నేళ్లూ చూస్తూ కూడా నేను దాన్ని మాన్పించలేదు.

ఎవరికీ చెప్పనని రాజేశానికి మాటిచ్చి పంపాను. వెంటనే తలుపు బిగించుకుని సేఠ్‌కు ఫోను చేశాను. రెండు నెలలా, ఏమైందని ఆయన అడిగాడు. డాక్టరు రాసిచ్చాడని చెప్పి ఊరుకోవలసింది. టీబీ అన్నాను. వినపడలేదన్నాడు. అద్దం దగ్గరికి జరిగి, చప్పుడులో మనం ఎలా మాట్లాడతామో అలా, నోరు బాగా తెరిచి, ఒక్కో అక్షరం విడదీసి మళ్లీ చెప్పాను. మూడోసారి కూడా చెప్పాను. సరే ఇచ్చెయ్యమని ఆయన పెట్టేశాడు.

ఫోను దించి కిందికి చూశాను. నా గదికి ఎదురుగా ఉన్న కార్మికుడు రెండు వేళ్లు రొమ్ముకు ఆనించి, పిడికిలి పెదాల దగ్గర పెట్టుకుని పీల్చినట్టు చేశాడు. అతని పక్కవాడు అదే చేశాడు. ఆ తర్వాత వెనక వరుస. ఒక్క సాంచా ఆగలేదు, ఒక్కడూ తన చోటునుంచి కదల్లేదు. ఆ సైగ మాత్రం వరుస వెంట వరుస నడుచుకుంటూ చివరి తలుపు దాకా వెళ్లింది. అక్కడినుంచి తలలన్నీ ఒకటొకటిగా నా వైపు తిరిగాయి. టీ అడుగుతున్నారేమో అనుకున్నాను, గాని ఎందుకో చేతిలో పెన్ను కింద పెట్టేశాను.

నాలుగో రోజుకు రాజేశం సాంచా మీదున్న రెండు నాడెలూ మాయమయ్యాయి. తెల్లగుడ్డలో చుట్టి తాపీ నదిలో వదిలారని తెలిసింది. మనిషి బతికి బార్డోలీలో చెల్లెలింట్లో మందులు వేసుకుంటుంటే, ఇక్కడ అస్థికలు కలిపినట్టు కలిపివచ్చారు. ఆ సాంచా దగ్గర నిలబడడానికి ఎవరూ ఒప్పుకోలేదు. రెండు నెలలూ అది ఊరికే ఉంది.

ఫైలు తెరిచాడని టైమ్ ఆఫీసు గుమాస్తాను నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, కవరు అంటించింది అంటించినట్టే ఉంది, పైగా అందులో జబ్బు పేరే లేదు. చివరికి సూపర్‌వైజర్ నర్సయ్య నన్ను పక్కకు పిలిచాడు.

"ఆయన్నెందుకు తిడుతున్నరు సారు? గీడ చెవులతోని ఎవలింటరు? అందరు మూతులు జూసే మాట్లాడుకుంటరు. మీ మూతి గూడ సదివిన్రు" అన్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని అందరికీ నీతులు చెప్పినవాణ్ని నేను.

రెండు నెలల తర్వాత రాజేశం ఫిట్‌నెస్ కాగితంతో వచ్చాడు. ఒళ్లు కాస్త చేశాడు. మందులు ఇంకా కొన్ని నెలలు వాడాలిగాని, అతనివల్ల ఎవరికీ అంటదని డాక్టరు నాతో స్పష్టంగా చెప్పాడు. నేనే వెంట ఉండి షెడ్డులోకి తీసుకెళ్లాను. మేం వరుసలోకి తిరగగానే మొదటివాడు మెడమీది తువ్వాల తీసి మూతికి కట్టుకున్నాడు. తర్వాత రెండోవాడు. మేం నడుస్తున్న కొద్దీ ముందున్న మూతులన్నీ మూసుకుంటూ పోయాయి. కరోనా రోజుల్లో బతిమాలినా గుడ్డ కట్టని మహానుభావులు వీళ్లు. రోగానికి భయపడ్డారనుకున్నాను. కాదని రాజేశం ముఖం చూస్తే అర్థమైంది. గుడ్డల కింద దవడలు ఆడుతున్నాయి, పక్కవాడికి మాత్రం మూతి కనపడేలా గుడ్డ అంచు ఎత్తుతున్నారు. అందరూ మాట్లాడుకుంటున్నారు, అతనొక్కడితో తప్ప.

డాక్టరును పిలిపించి చెప్పించాను. పేర్లు లేకుండా అందరికీ పరీక్షలు చేయించాను. ఎవరికీ ఏమీ లేదని తేలింది. దారం లాగడానికి తీగ కొక్కేలు పంచాను. కొక్కేలు తీసుకున్నారుగాని, రాజేశం వస్తే తువ్వాలలు మళ్లీ పైకి లేచేవి.

తొమ్మిదో రోజు అతను రాజీనామా కాగితం తెచ్చాడు.

"తిట్టినా మంచిగుంటుండె సారు. మూతన్న కనవడుతుండె" అన్నాడు.

తప్పు నాదేనని, ఫోనులో నేనే చెప్పానని ఒప్పుకున్నాను.

"ఎరుకే సారు. ఆ దినం నేను కిందనే ఉన్న, సాంచా కాడ సంచి తీసుకుంటున్న. నేను గూడ సదివిన. ఒక్కపారి అంటే ఇంకేదో అనుకుంటుంటి. మీరు మూడుపార్లు అన్నరు. రెండు నెల్లల్ల మర్సిపోతరేమోనని వచ్చిన" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

రాజీనామా మీద సంతకం చేస్తూ సేఠ్, ఇంతకూ ఇతనికి ఏమైందని అడిగాడు. ఆరోజు ఫోనులో మూడుసార్లూ ఏమీ వినపడలేదట. విసుగొచ్చి సెలవు ఇచ్చెయ్యమన్నాడట.

సెలవు మంజూరు చేసేవాడికి ఎన్ని రోజులో, డాక్టరు సంతకం ఉందో లేదో తెలిస్తే చాలు. జబ్బు పేరు అడగడం నా మొదటి తప్పు, చెప్పడం రెండోది. ఆ పేరు లేకుండానే సెలవు మంజూరైంది.