కిందికి దించిన బండి

మొన్న మార్కాపురంలో టైర్ల షాపు భాయ్ మా కారు ముందు చక్రం ఊడదీసి, "లోపలి పక్క తడిమి చూడమ్మా" అన్నాడు. బయటినుంచి చూస్తే ఆ టైరుకు ఏ రోగమూ లేదు. లోపలి అంచు మాత్రం నున్నగా బోడిగుండులా ఉంది, ఒకచోట తీగ తేలింది. "అలైన్‌మెంట్ పోయింది. పైన చూసి బాగుందనుకుంటారు అందరూ" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా బావ గుర్తొచ్చాడు, ఆ వెంటనే మా మేనత్త.

బావ ఆ మేనత్త కొడుకే. పలకల వ్యాపారం. చాలా ఏళ్ల కిందట, గనుల దారుల్లో తిరగడానికి జీపులాంటి ఎత్తు బండి ఒకటి కొన్నాడు. మేనత్తది భారీ శరీరం. మోకాళ్లు అరిగాయి గానీ నోరు అరగలేదు. ఆమె నెలకోసారి గిద్దలూరులో మంచం పట్టిన చెల్లెలి దగ్గరికి పోవాలి. పోయి చేసే ఘనకార్యం ఏమీ లేదు. చిన్నప్పుడు ఎవరి జడ పొడుగో అక్కడ మొదలుపెట్టి సాయంత్రం దాకా ఇద్దరూ తిట్టుకోవడం, మధ్యమధ్య పకోడీలు తినడం. ఆ చెల్లెలి ముందు తప్ప ఆమె మనసారా నవ్వగా నేను చూడలేదు. కానీ ఆ ఎత్తు బండి ఎక్కడం ఆమె వల్ల కాలేదు. చెయ్యందిస్తే "నేనేమన్న బియ్యం మూటనా ఎత్తడానికి?" అని కసిరేది. బావ పోయి, స్ప్రింగులు మార్పించి బండిని బెత్తెడు కిందికి దింపించాడు. ఎందుకో భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ అక్క నాకు చెప్పింది.

మేనత్త సుఖంగా ఎక్కి కూర్చుంది. కూర్చుని, అద్దం దించి, వీధిలో పోయేవాళ్లను పిలిచి మరీ చెప్పింది: "యాభై ఏళ్లొచ్చినాయి వీనికి. కుర్రోళ్ల మాదిరి బండి నేలకు దించుకున్నాడు. ఏంది ఈ షోకు!" ఆమెకు సంగతి తెలియదంటే నేను నమ్మను. మోకాళ్ల మాట ఒప్పుకోవడం కన్నా కొడుకును నవ్వులపాలు చెయ్యడం ఆమెకు తేలిక. బజార్లో బావను షోకిలా అనడం మొదలుపెట్టారు. మొదట్లో బావ కూడా వాళ్లతో కలిసి నవ్వాడు.

బండి అట్లా దించితే చక్రాలు పైభాగంలో లోపలికి వాలుతాయట. బరువంతా టైరు లోపలి అంచు మీదే పడుతుంది. అలైన్‌మెంట్ చేసేవాడు మిషను మీద పెట్టి వీలైనంత సరిచేసి, "ఇంతకన్నా రాదన్నా. బండిని మళ్ల లేపితేనే టైర్లు నిలుస్తాయి" అన్నాడు. బావ ఒప్పుకోలేదు. టైర్లు అరుగుతున్నకొద్దీ మారుస్తూ, తల్లిని గిద్దలూరు తిప్పుతూనే ఉన్నాడు.

ఒకరోజు కంభం దాటాక ముందు టైరు పేలింది. ఎవరికీ ఏమీ కాలేదు. బావ ఎండలో మోకాళ్ల మీద కూర్చుని స్టెప్నీ బిగిస్తుంటే, మేనత్త బండిలోనే కూర్చుని, ఆగిన ప్రతి ఆటోవాడికీ చెప్పింది: "షోకు కోసం అమ్మను చంపబోయినాడు నాయనా. ఇట్లాంటి కొడుకు పగవాళ్లకు కూడా వద్దు." వెనక సీట్లో ఉన్న నాకే ఒళ్లు మండింది. బావ తల ఎత్తలేదు. నట్లు బిగించి, చేతులు తుడుచుకుని, బండి నడిపాడు.

తర్వాతి నెల నేను వాళ్లింట్లోనే ఉన్నాను. మేనత్త ఉతికిన చీర కట్టుకుని, చెల్లెలికి పకోడీల పొట్లం పట్టుకుని బయటికి వచ్చింది. బావ తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె పొట్లం సీటు మీద పెట్టి కాలెత్తింది, అందలేదు. ఇంకో కాలు ఎత్తింది, అదీ అందలేదు. బండి మళ్లీ పాత ఎత్తుకు లేచి ఉంది. బావ చెయ్యందించలేదు.

"ఎక్కమ్మా," అన్నాడు మెల్లగా. "షోకు తీపిచ్చినా."

అక్క పరుగున పోయి పీట తెచ్చి వేసింది. మేనత్త దాన్ని కాలితో తోసేసింది. "ఈ పొద్దు శకునం బాగలేదు" అని లోపలికి పోయింది. పొట్లం బండి సీటు మీదే ఉండిపోయింది. బావ అందులోంచి ఒక పకోడీ తీసుకుని తిన్నాడు. అంత నిదానంగా తింటున్న మనిషిని చూస్తే నాకు భయమేసింది.

ఆ వానాకాలంలోనే చెల్లెలు పోయింది. "రా, నలుగురం ఎత్తి కూచోబెడతాం" అన్నాడు బావ. కావాలనే నలుగురూ వినేట్టు అన్నాడు. మేనత్త తలుపేసుకుంది. చెల్లెలి ముఖం చూడకుండానే ఉండిపోయింది. మళ్లీ ఎప్పుడూ ఆ బండి ఎక్కలేదు. ఆమెను తప్పుపడితే, పడాల్సింది పడింది కదా అనుకుంటాను, బావను తప్పుపడితే, విసిగిపోయాడు కదా అనుకుంటాను. ఇద్దరి మీదా కోపం మాత్రం పోలేదు.

షాపులో కొత్త టైర్లు బిగించారు. మా అబ్బాయి కారు తలుపు తీసి పట్టుకున్నాడు. ఎక్కబోతే మోకాలు కలుక్కుమంది, కాలు గాలిలోనే ఆగింది. అబ్బాయి ఏమంటాడోనని వాడి ముఖం వంక చూశాను. మేనత్త వయసుకు ఇంత తొందరగా చేరుకుంటానని నేను అనుకోలేదు.