పెట్టెలో పట్టని డబ్బా

బెన్నికి ఒక్కటే జబ్బు: డబ్బాలో డబ్బా పెట్టనిదే నిద్ర పట్టదు. ఆ లోపలి డబ్బాలో ఏది పట్టాలో, ఏది పట్టకూడదో ముందే తేల్చనిదే అన్నం సహించదు. జగ్గయ్యపేటలో పొడులు, పచ్చళ్లు అమ్మే దేవమణికి అతను మేనల్లుడు. మేడ మీద గదిలో కూర్చుని కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. ఆదివారాలు చర్చి బోర్డు మీద వాక్యం రాసేది అతనే; ఆ ముత్యాల్లాంటి అక్షరాలు చూసి దారినపోయేవాళ్లు కూడా ఆగుతారు. మిగతా వారమంతా దేవమణి ప్రాణం తీస్తాడు.

ఉప్పు తెమ్మంటే, “ఏ డబ్బాలోకి అత్తయ్యా?” అంటాడు. అతని చొక్కాలు సంచుల్లో, సంచులు పెట్టెలో. ఆ పెట్టెలో సంచులే ఉండాలి, విడి బట్ట పనికిరాదు. ఆమె ఒకసారి చేతిరుమాలు విడిగా పడేస్తే పెట్టె మొత్తం బోర్లించి మళ్లీ సర్దాడు.

అసలు నువ్వు చేసే పనేంటని ఒకనాడు నిలదీసింది. టెంప్లేట్లు రాస్తానని, టెంప్లేట్ అంటే అచ్చు అని చెప్పాడు. అచ్చు ఒకటే, అంకెలు పోస్తే అంకెల డబ్బా, పేర్లు పోస్తే పేర్ల డబ్బా, డబ్బాలే పోస్తే డబ్బాల డబ్బా. ఎంత లోపలైనా సరే, తప్పు సరుకు పడితే ప్రోగ్రాం నడవకముందే దాన్ని తనిఖీ చేసే కంపైలర్ పట్టుకుని తిడుతుందట. ఆ తిట్లు చూపించాడు కూడా. తెర నిండా ఎర్ర వరసలు, ఎంత కిందికి జరిపినా తరగవు.

“ఏం నేరం చేశావురా?”

“లోపలి డబ్బాకి మూత పెట్టడం మరిచా అత్తయ్యా.”

“ఒక్క మూతకి ఇన్ని తిట్లా? నేనే నయం కదరా.”

ఆ కంపైలర్‌ని వంటింట్లోకి తెస్తాడని ఆమె కలగనలేదు. అప్పటిదాకా పొడులన్నీ ఒకే రకం తెల్లడబ్బాల్లో ఉండేవి. మూత తీసి వాసన చూసి ఏది ఏదో చెప్పేసేది. ఎవరైనా చీటీ చదవమంటే కళ్లద్దాలు మరమ్మతుకిచ్చానంటుంది. ఆ అద్దాలు మరమ్మతు నుంచి ఏనాడూ రాలేదు. బెన్ని ఆ డబ్బాలన్నీ తీసేసి నువ్వులపొడికి గుండ్రటివి, పల్లీపొడికి పలకలవి తెచ్చాడు. పార్శిల్ పెట్టెల్లో ఆ ఆకారాలకే గుంటలు చేయించాడు. ముక్కుండగా ఈ వేషాలెందుకని దేవమణి ఏ ఆకారం దేనిదో పట్టించుకోలేదు.

ఇంతలో నందిగామ రత్నమణి ఇంట్లో పెళ్లికి పొడులు కావాలన్నారు. మనవరాలు క్రిస్టీకి పల్లీలు పడవు, నోట్లో పడితే గొంతు వాచి ఊపిరాడదని రత్నమణి ఫోన్లో చెప్పిందే చెప్పింది. బెన్ని పెద్దపెట్టె లోపల ఆ పిల్లకని ఒక చిన్నపెట్టె అమర్చాడు.

పంపే రోజున దేవమణికి జలుబు. ముక్కు పని చేయదు, బస్సుకి వేళైంది. చేతికందిన డబ్బా చిన్నపెట్టెలో పెడితే కూర్చోలేదు. తిరగేసింది. గుద్దింది. మోకాలితో నొక్కింది.

“బెన్నీ, నీ పెట్టె పాడుగాను, దీన్లో ఏదీ పట్టి చావదేంరా” అని కేకేసింది.

అతను దిగొచ్చి చూశాడు. “అది పల్లీపొడి అత్తయ్యా” అన్నాడు మెల్లిగా.

దేవమణి పీట మీద కూలబడింది. గుండ్రటి డబ్బా తీసి అతనే పెట్టాడు, టక్కున కూర్చుంది. ఊపిరి కుదుటపడ్డాక ఆమెకొక అనుమానం వచ్చింది.

“డబ్బాల మీద పేర్లు రాస్తే పోయేదిగా. రాయలేదేం?”

బెన్ని పెట్టెకి తాడు కడుతూ తలెత్తలేదు. “నా దస్తూరీ బాగోదు అత్తయ్యా. ఎవరికీ అర్థం కాదు.”

దేవమణి కొంగుతో ముక్కు తుడుచుకుంది. జలుబు మరి.

“అవున్రా, కోడిగీతలు” అంది. “చర్చిలో అందరూ అదే అంటున్నారు. అన్నం తిందువు రా.”