టపాసు బాబాయి ఫైటర్ చేప

ఆ వీధివాళ్ళు ఆయన్ని ఎదురుగా బాబాయి అంటారు, అటు తిరగ్గానే టపాసు బాబాయి అంటారు. ముందుగదిలో సెలూన్, వెనకగదిలో కాపురం. కాపురమన్న మాటేగానీ అందులో ఉన్నది ఆయనొక్కడే. పెళ్ళి చేసుకోలేదు. పనికి పెట్టుకున్నవాళ్ళెవరూ పట్టుమని పదిరోజులు నిలవలేదు. ఒకడు దువ్వెన చోటు మార్చాడని గొడవ, ఇంకొకడు ఈల వేశాడని గొడవ. కోపం ముక్కు మీదే ఉంటుంది, అయితే కత్తెర పట్టాడంటే చెయ్యి వెన్నపూస. అందుకే జనం తిట్లు తింటూ కూడా ఆయన దగ్గరికే వచ్చేవారు.

ఆయనతో తగువు పడని ప్రాణి ఒక్కటే. వెనకగది కిటికీ దగ్గర గాజుతొట్టిలో ఉండే నీలిరంగు ఫైటర్ చేప. మగ ఫైటర్లు రెంటిని ఒకేచోట వేస్తే ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి కాబట్టి దీన్ని ఒంటరిగానే పెంచాడు. "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. నాదీ దీనిదీ ఒకటే జాతకం" అని గొప్పగా చెప్పుకునేవాడు. పొద్దున్నే టీ చల్లారిపోయినా సరే, దానికి మేత వేసి అది తినేదాకా కదిలేవాడు కాదు. ఎవరూ వినడంలేదనుకుని దాంతో కబుర్లు చెప్పేవాడు. వీధి మొత్తం వినేది.

అలాంటి ఇంటికి ఆయన అక్క వచ్చింది. యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో ఆమెకు పని. అద్దెకున్న ఇల్లు రోడ్డు వెడల్పు చెయ్యడంలో పోయింది. "గది దొరికేదాకా ఉంటాన్రా" అంటే, కాదనలేక సరేనన్నాడు. కిటికీ కింద ఆమె మంచం పడింది, తొట్టి సెలూన్లో పెద్దద్దం కింది అరమీదికి చేరింది. అది చాలదన్నట్టు అక్క తన వెంట అరడజను మీసాల చేపలు తెచ్చింది. బొటనవేలంత ఉంటాయి, ఎప్పుడూ అడుగున ఇసుకలో వెతుక్కుంటూ తిరుగుతాయి. వాటి సంచిని కాసేపు తొట్టిలో తేలనిచ్చి, నీళ్ళ వేడి సరిపోయాక, ఎవర్నీ అడక్కుండా లోపలికి వదిలేసింది.

"నా ఫైటర్ వీటిని బతకనిస్తుందా?" అని టపాసు పేలింది.

"అది పైన, ఇవి కింద. ఎవరి దారి వాళ్ళదిరా" అంది అక్క.

ఫైటర్ ఓసారి కిందికి వచ్చి చూసి, ఇవీ ఒక చేపలేనా అన్నట్టు తిరిగి వెళ్ళిపోయింది. బాబాయికి లోపల కాస్త నిరాశ కలిగిందనే చెప్పాలి.

ఆ తర్వాత సెలూన్‌కి వచ్చిన ప్రతివాడూ కుర్చీలో కూర్చోగానే మురిసిపోయేవాడు. "బాబాయ్, నన్ను చూసి రెక్కలెలా విప్పిందో!" అనేవాడు. బాబాయి ఎప్పుడూ వెనక నిలబడి వాళ్ళ నెత్తి చూసేవాడే తప్ప చేపని చూసేవాడు కాదు. మేత వేసేటప్పుడు మాత్రం చూసేవాడు. అలా చూసినప్పుడే తెలిసింది. ఫైటర్ రంగు వెలిసింది. తోక పీలికలైంది. మేత ముట్టడం మానేసింది.

"నీ మీసాలగాళ్ళే తోక కొరికేస్తున్నారు" అన్నాడు అక్కతో. ఆమె కాదంది. మాటా మాటా పెరిగింది. "ఎవరు రమ్మన్నారు? నువ్వొచ్చాకే నా ఇంట్లో సుఖం పోయింది" అనేశాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. అక్క బట్టలు సర్దుకుంది.

మర్నాడు సెలూన్‌కి సెలవు. అక్క సర్దిన సంచీ మంచం మీద పెట్టి, తన చేపల్ని తీసుకోవడానికి ఖాళీ బకెట్టుతో ముందుగదిలోకి వచ్చి, తమ్ముడి తల చూసి ఆగింది. "అందరి తలలూ బాగుచేస్తావు, నీది పిచ్చుకగూడులా ఉంది. కూర్చో, పోతూపోతూ కత్తిరించి పోతాను."

వచ్చినవాళ్ళ కోసం ఉన్న ఆ కుర్చీలో ఆయన ఏనాడూ కూర్చోలేదు. తన జుట్టు తనే చేతద్దం పట్టుకుని, నిలబడి కత్తిరించుకునేవాడు. ఇప్పుడు కూర్చున్నాడు. కత్తెర అలా కాదు ఇలా పట్టుకోమని రెండుసార్లు విసుక్కున్నాడు కూడా. ఒక పక్క అయిపోయి రెండో పక్కకి వచ్చేసరికి "ఆగు!" అని అరిచాడు. చెవి తెగిందేమోనని అక్క హడలిపోయింది.

ఎదురుగా ఫైటర్ రెక్కలు విప్పి, మొప్పలు ఉబ్బించి ఆయన మీదికి దూకుతోంది. కానీ అద్దాల మధ్యే బతికిన మనిషికి ఆ మొహం అద్దంలోదని తెలియకపోతుందా? అసలు చేప వీపు ఆయన వైపుంది. అది అద్దంలోని తన బొమ్మని ఇంకో ఫైటర్ అనుకుని, పొద్దస్తమానం దాంతో కొట్లాడి తోక చింపుకుంటోంది. తొట్టిని అక్కడ పెట్టింది తనే. కింద మీసాల చేపలు పాపం, ఇసుకలో తమ గోల తాము పడుతున్నాయి.

ఇద్దరూ సగం నీళ్ళు తోడేసి తొట్టిని వెనకగదిలోకి, మంచం పక్కకి మోశారు. నీళ్ళు నిండాక ఫైటర్ రెక్కలు ముడుచుకుని తొట్టిలోని నీటిమొక్క ఆకు మీద వాలింది. మీసాల చేపలు దాని కిందనుంచి అటూ ఇటూ పోతున్నా పట్టించుకోలేదు. చాలాసేపటికి ఒక మేత గింజ నోట కరుచుకుంది. బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఊరికే వీటి మీద నింద వేశాను" అన్నాడు.

"వీటి మీదేనా?" అంటూ అక్క సంచీ అందుకుంది. "వీటిని నీ దగ్గరే ఉంచుకో. దానికీ తోడుంటాయి."

"సగం తలతో వదిలేసి పోతావా అక్కా?"

"మిగతాది నువ్వు కత్తిరించుకోలేవా ఏం?"

బాబాయి తల వంచుకున్నాడు. ఆ మాట ఆయన జన్మలో ఎవరితోనూ అనలేదు, అందుకే ఎలా అనాలో తెలియక కాస్త గట్టిగానే అన్నాడు.

"కత్తిరించుకోగలను. ఒక్కణ్ణే ఉండలేను."

అక్క సంచీ మంచం కిందికి తోసింది. "అయితే పోయి కూర్చో. ఈసారి అరిచావంటే నిజంగానే చెవి తెగుతుంది."