డ్రెయినుకు లేని తలుపులు

డెబ్బైల చివర్లో మా నూతి నీళ్లు ఉప్పెక్కడం ముందు కనిపెట్టింది అమ్మ. కందిపప్పు ఎంతసేపు ఉడికినా బద్దలు బద్దలుగానే ఉండిపోయేది. నాన్నగారు కొట్టాయనతో తగువు పెట్టుకుని కొత్త పప్పు తెచ్చారు. అదీ ఉడకలేదు.

మాది మలికిపురానికి దిగువన, సముద్రానికి దగ్గర్లో ఉన్న పల్లె. చేలల్లో మురుగును సముద్రంలోకి తీసుకుపోయే డ్రెయినుకు చివర ఇనప తలుపులుండేవి. పోటుకు మూసి, ఆటుకు తెరవాలి. అవి తుప్పు పట్టి ఊడిపోయాయి. వేసవిలో పంట కాలువలు కట్టేయగానే ఉప్పునీరు ఎదురెక్కి చేల దాకా వచ్చేసి, నేలలోకి ఇంకి నూతుల్లో చేరేది.

నాన్నగారు అర్జీలు పట్టుకుని అమలాపురం ఆఫీసు చుట్టూ రెండేళ్లు తిరిగారు. "ఆయ్, రాసి పంపేమండి, పైనుంచి రావాలండి" అనేవారు అక్కడి గుమాస్తాగారు. చివరికి ఇంజనీరుగారు వచ్చారు. ఎప్పుడనుకున్నారు? నిండు శ్రావణంలో! వానలకు నూతిలో ఉప్పు విరిగిపోయి ఉంది. ఆయన గ్లాసుడు తాగి, "బానే ఉన్నాయి కదండీ?" అన్నారు.

అమ్మ వంటింటి గుమ్మంలోంచే, "వైశాఖంలో రండి బాబూ, పప్పు వండి పెడతాను" అంది. ఆయన నవ్వేసి వెళ్లిపోయారు. వైశాఖంలో రాలేదు.

ఆ వేసవిలో రైతులంతా కలిసి కొబ్బరి దుంగలు, ఇసక బస్తాలు, మట్టి వేసి డ్రెయినుకు అడ్డుకట్ట కట్టారు. నేనూ గట్టు మీదకి మజ్జిగ మోశాను. ఉప్పునీరు ఆగింది. నాన్నగారి సంతోషం నెల రోజులే. తొలకరి వానలకు నీరు పోయే దారి లేక ఎగువన నారు పోసిన ఆకుమడులన్నీ మునిగాయి. ఎగువ ఊరి రైతులు మా అరుగు మీదకి వచ్చి, "మీ బాధ మాకు తెలుసండి. కానీ మా నారు కుళ్లిపోతందండి" అన్నారు. నాన్నగారు గునపం తీసుకుని, వానలో మోకాలి లోతు బురదలో దిగి, తన చేతులతో కట్టిన కట్టను తనే తెంపారు.

పది రోజుల్లో నోటీసు వచ్చింది. సర్కారు డ్రెయిను ఎందుకు మూసేరో సంజాయిషీ ఇవ్వాలట. పాత అర్జీల మీద సంతకం నాన్నగారిదే కాబట్టి ఆయన పేరునే వచ్చింది.

"రెండేళ్ల అర్జీలకి లేని జవాబు, ఈ తప్పుకి పది రోజుల్లో వచ్చిందే!" అని ఆయన అరిచిన అరుపు వీధి చివరికి వినపడింది.

ఎనభైల మధ్యలో ఎట్టకేలకు సర్కారువాళ్లే కొత్త తలుపులు బిగించారు. వాటిని ఎత్తి దింపడానికి వేసిన మనిషి రాజోలు నుంచి వారానికోసారి వచ్చేవాడు. పోటు మాత్రం రోజుకు రెండుసార్లు, అదీ రోజుకో వేళకి. ఇక విసిగిపోయి నాన్నగారే సైకిలెక్కి వెళ్లి తలుపులు దింపి వచ్చేవారు. అన్నం వేళకు ఇంటికి వచ్చేవారు కాదు. "సముద్రంతో పాటు నేనూ వేళలు మార్చుకోవాలా?" అని అమ్మ కంచం మీద మూత పెట్టేది.


అయినా అప్పటికే నేలలోకి దిగిన ఉప్పు వదల్లేదు, నూతి నీళ్లు మునుపటిలా తియ్యగా అవలేదు. తాగడానికి కాలువ నీళ్లు నింపిన చెరువు నుంచి బిందెలతో మోసుకుంటూనే ఉన్నాం.