తెరిచి ఉన్న మెయిలు

ఏడేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మా పాస్టరు గారికి చెబుదామని రెండుసార్లు ఆయన ఇంటి దాకా వెళ్లాను. రెండుసార్లూ వాళ్ల ఫ్యాను బాగు చేసి, టీ తాగి వచ్చేశాను.

మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. మా ఆవిడను సుగుణ అనుకోండి.

మాది బోధన్. నేను మోటార్లకు వైండింగు చేస్తాను. సుగుణ నర్సు. ఆమె నర్సు కాబట్టే మాకు ఆస్ట్రేలియాలో పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చింది. చదివింది ఆమె. ఇంగ్లీషు పరీక్ష మూడుసార్లు రాసింది ఆమె. నేను ఆమె వెనక సూట్‌కేసు లాక్కుంటూ విమానం దిగినవాణ్ని, అంతే. అక్కడ మూడేళ్లున్నాం. ఆమె పనిచేసిన వృద్ధాశ్రమంలో ముసలివాళ్లు సుగుణ వస్తే తప్ప మందు మింగేవారు కాదు. నా పనికి అక్కడ లైసెన్సు కావాలన్నారు. నేను ఒక గోదాములో అట్టపెట్టెలకు టేపు వేసేవాణ్ని. చెడ్డ పనేం కాదు. నాకే చిన్నతనంగా ఉండేది. పెళ్లాం సంపాదన మీద బతుకుతున్నావని ఎవరూ అనలేదు. సుగుణ అసలే అనలేదు. నాకు నేనే రోజూ అనుకునేవాణ్ని.

ఎడపల్లిలో ఉన్న సుగుణ వాళ్ల అక్కకు జబ్బు చేసిందని కబురొచ్చింది. దగ్గరుండి చూసుకోవడానికి ఆరు నెలలని వచ్చాం. ఆ ఆరు నెలలు కాస్తా రెండేళ్లయ్యాయి. సుగుణ అక్కను వెంటబెట్టుకుని నిజామాబాద్ ఆసుపత్రి చుట్టూ తిరుగుతుంటే, ఊరికే కూర్చోలేక నేను మళ్లీ షాపు తెరిచాను. ఆ ఎండాకాలం రైతులు కాలిపోయిన మోటార్లు ఆటోల్లో వేసుకుని వచ్చి, "అన్నా, చెరుకు ఎండుతున్నది, జర జల్ది సూడే" అని నా బల్ల మీదే కూర్చునేవారు. అన్నా! ఆ ఒక్క పిలుపుకు నేను ఎంత ఉబ్బిపోయానో మీకెలా చెప్పను?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పర్మనెంట్ అనే పేరే గానీ, దానితోపాటు ఇచ్చే ప్రయాణ అనుమతి అయిదేళ్లకే. ఆ గడువు తీరేటప్పటికి మనిషి దేశం బయట ఉంటే, మళ్లీ లోపలికి వెళ్లడానికి రిటర్న్ వీసా తీసుకోవాలి. గడిచిన అయిదేళ్లలో రెండేళ్లు అక్కడ ఉండి ఉంటే అది దాదాపు ఖాయం. మేం మూడేళ్లున్నాం. అడిగితే చాలు, వచ్చేది. కానీ ఆలస్యం చేసినకొద్దీ ఆ మూడేళ్లు లెక్కలోంచి జారిపోతూ ఉంటాయి.

మా వీసా పని చూసిన ఏజెంటు ఇదంతా విడమరిచి సుగుణకు మెయిలు పంపాడు. అప్పుడు ఆమె ఆసుపత్రి లోపల అక్కకు జావ తాగిస్తోంది. ఆమె ఫోను నా చేతిలో ఉంది. తెరిచాను. చదివాను. రెండోసారి కూడా చదివాను. ఆమె బయటికి వచ్చి, "ఏమన్న ఫోన్లు అచ్చినయా?" అని అడిగింది. లేదన్నాను. అబద్ధం కాదు కదా, ఫోన్లేవీ రాలేదు! ఆ వేళ నా తెలివికి నేనే మురిసిపోయాను. ఛీ.

నెల తర్వాత ఆయన ఇంకో మెయిలు పంపాడు. అది కూడా నాకే దొరికింది. చెరిపేశాను. మొదటిది చెరపాలని మాత్రం తోచలేదు.

ఎందుకు చేశాను? అక్క కోసమని కొన్నాళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆ రెండో మెయిలు నాటికే అక్క లేచి తిరుగుతోంది. వాళ్ల చేలో కూలీలకు తనే అన్నం పట్టుకెళుతోంది. అక్క కోసం కాదు. నాకు మళ్లీ ఆ అట్టపెట్టెల ముందు నిలబడాలని లేదు. ఆ మాట సుగుణతో అని ఉంటే ఏమయ్యేది? వినేది. బహుశా ఉండిపోదామనే అనేది. అడగడానికి నామోషీ అయి దొంగతనం చేశాను.

ఏడాదిన్నర గడిచాక ఆ వృద్ధాశ్రమం వాళ్లు సుగుణకు ఉత్తరం రాశారు, వార్డు ఇన్‌చార్జిగా రమ్మని. ఆమె ఎన్నాళ్లుగానో కోరుకున్న పని అది. సంతోషంగా పాత కాగితాలు తీసింది. ఫోనులో మెయిళ్లు వెతికింది. ఆ మొదటి మెయిలు దొరికింది, అప్పటికే చదివేసినట్టుగా. మధ్యాహ్నం అన్నం తినకుండా షాపుకు వచ్చింది.

"ఏమయ్య, ఇగో సూడు. గీ మెయిలు ఎప్పుడో అచ్చింది. తెరిచి గూడ ఉన్నది. నేనే తెరిచి ఉంట. అక్క దవాఖాన తిరుగుడుల పడి మర్శిపోయిన. నిన్ను గూడ ఆగం జేసిన. నన్ను మాఫ్ జెయ్యి."

నా చేతిలో రాగితీగ చుట్ట ఉంది. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. నేనేమన్నానో తెలుసా?

"పోనియ్ సుగుణా. గంతగనం ఏడుస్తరా? మాఫ్ జేసిన, పో. తిన్నవా?"

క్షమించాను! నా తప్పుకు ఆమెను క్షమించాను. ఆమె నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఇంత మంచి మొగుణ్ని దేవుడు ఇచ్చాడని వాళ్ల అక్కతో చెప్పుకుందట. తర్వాత రిటర్న్ వీసాకు దరఖాస్తు పెట్టాం. ఇంతకాలం ఎందుకు తిరిగి వెళ్లలేదో రాయమంటే, తన అజాగ్రత్త వల్లేనని ఆమె చెప్పింది, నేను టైపు చేశాను. వీసా రాలేదు.

ఆ తర్వాత మా బతుకు బాగానే ఉంది. బాగానే అనడం తక్కువ. సుగుణ స్కూటీ మీద ఊళ్లు తిరుగుతూ షుగరు పుండ్లకు కట్లు కడుతుంది. ఆమె పుణ్యాన కాలు దక్కిందని చెప్పేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. అక్క క్షేమంగా ఉంది. నా షాపు నడుస్తోంది. ఇవన్నీ తలుచుకుంటే నాకు కళ్లు చెమరుస్తాయి. దేవుడికి కృతజ్ఞత చెప్పని పూట లేదు. చెప్పిన ప్రతిసారీ, ఇది నాకు వచ్చిందా, నేను లాక్కున్నానా అని లోపల ఎవరో అడుగుతారు.

ప్రతి ఏడూ మా చర్చిలో కోత పండుగ చేస్తాం. ఎడపల్లి వాళ్లు చెరుకు గడలు, వేల్పూర్ చుట్టాలు పసుపు కొమ్ములు తెచ్చి ప్రార్థన బల్ల ముందు పెడతారు. దేవుడు చేసిన మేళ్ల గురించి లేచి సాక్ష్యాలు చెబుతారు. సుగుణ ఏటా లేస్తుంది. "నేను మర్శిపోయిన గని, దేవుడు నన్ను మర్శిపోలే. నా మతిమరుపును గూడ మేలుకే వాడుకున్నడు" అంటుంది. అందరూ హల్లెలూయ అంటారు. మగవాళ్ల వైపు కూర్చుని నేనూ అంటాను. అందరికంటే గట్టిగా.

అది కూడా భరించేవాణ్నేమో. భరించలేనిది ఆమె నోట్‌బుక్. ఆ మెయిలు దొరికిన రోజు నుంచి సుగుణ తనను తాను నమ్మడం మానేసింది. నలభై మంది ముసలివాళ్ల మందులు కాగితం చూడకుండా చెప్పిన మనిషి, ఇప్పుడు గ్యాసు బుకింగు, కరెంటు బిల్లు, ఎవరికి ఏ సూది, అన్నీ ఆ పుస్తకంలో రాసుకుంటుంది. రాసిందాన్ని మళ్లీ నాకు చూపించి, "ఏం మర్శిపోలే గద?" అని అడుగుతుంది. నేను చూసి, లేదంటాను. ఆమె పోగొట్టుకున్న దేశం కంటే నాకు ఇదే ఎక్కువ బాధ. ఆస్ట్రేలియా లేకపోయినా ఆమె బతికింది. తన బుర్ర మీద తనకున్న నమ్మకాన్ని నేను తీసేసుకున్నాను.

వచ్చే ఆదివారం కోత పండుగ. ఇందాక ఆమె స్నానానికి వెళ్లినప్పుడు సంచిలోంచి ఆ పుస్తకం తీశాను. రేపటి పేజీలో మూడు పనులు రాసుకుంది. అవ్వకు కట్టు మార్చాలి. పాలవాడికి చెప్పాలి. చర్చికి చెరుకు తేవాలి. వాటి కింద నా చేతిరాతతో రాశాను: "సుగుణా, నువ్వు ఏదీ మర్శిపోలే. ఆ మెయిలు తెరిచింది నేను. దాచింది గూడ నేనే."

క్షమించమని రాయలేదు. ఆ మాట ఒకసారి ఆమె చేత అనిపించాను, చాలు. రేపు ఆమె ఏమంటుందో, ఆదివారం నా పక్కన నడిచి చర్చికి వస్తుందో రాదో తెలియదు. ఏడేళ్లలో మొదటిసారి భయం లేకుండా ఊపిరి తీసుకుంటున్నానని మాత్రం తెలుసు.

స్నానాల గది గడియ చప్పుడైంది. పుస్తకం ఆమె సంచిలోనే పెట్టాను. రాసిన పేజీ చింపలేదు.